రుడాల్ఫ్ విర్కో జీవితము

ఆసుపత్రులలో శస్త్రచికిత్స జరిగిన మఱునాడే నర్సు వచ్చి రోగిని మంచము దిగుమనుట, నాలుగడుగులు వేయుమనుట నేడు మనమందఱమును చూచుచున్న సంగతియే. రోగి బంధువులకు ఇది కఠినముగా దోచును. కుట్లు విడిపోవునేమో యని తల్లి భయపడును. రోగిని నిమ్మళముగా పండుకొననీయరేమని తక్కినవారు సణుగుకొందురు. మేమును ఒకప్పుడు ఆ సణుగువారిలోని వారమే.

కొన్ని యేండ్ల క్రిందట మా పినతండ్రిగారు జాఱిపడి తుంటియెముక విఱుగగా శస్త్రచికిత్స జరిగెను. ఇంటికి తెచ్చిన పిమ్మట మేమందఱమును ప్రేమచేత ఆయనను మంచము దిగనీయలేదు. కాళ్లు కదపుచుండవలెనని వైద్యులు చెప్పియే పంపిరి, వినకపోయినది మేమే. పండ్రెండవ దినమున ఆయన పెరటిలోనికి పోవలెనని లేచి, రెండడుగులు వేసి, ఊపిరి యందక కూలబడెను. కొన్ని నిమిషములలో ప్రాణము పోయెను. వయస్సు మీఱినది, గుండె యాగినదని ఇరుగుపొరుగువారనిరి. మేమును అట్లే నమ్మితిమి. ఆయన ఎడమ పిక్క రెండు దినములనుండి వాచియుండుట మా పినతల్లిగారు చూచి వేడినీళ్ల కాపడము పెట్టియుండిరి. కాలికిని ఊపిరికిని సంబంధముండునని మాలో నొక్కరికైనను తోచలేదు.

ఆ సంబంధమును ప్రయోగములచేత లోకమునకు ఋజువు చేసి చూపినవాడు జర్మను వైద్యుడగు రుడాల్ఫ్ విర్కో. మా యింటిలో జరిగినదాని కారణమును తెలిసికొనగోరి చదువుచుండగా ఆయన పేరు మాకు మాటిమాటికి ఎదురు వచ్చెను. కావున ఈ సంచికకు ఆయన చరిత్రమునే వ్రాయ బూనితిమి.

బాల్టిక్ సముద్రమునకు దక్షిణతీరమున పొమెరేనియా అను సీమ కలదు. దానిలోని షీవెల్బైన్ అను చిన్న పట్టణమున 1821వ సంవత్సరము అక్టోబరు 13వ తేదిని విర్కో జన్మించెను. ఆ కాలమున అది ప్రష్యా రాజ్యములోనిది; నేడు పోలండు దేశములో చేరియున్నది. తండ్రి కొంచెము భూమి సాగు చేసికొనుచు పట్టణపు ఖజానా లెక్కలు చూచుచుండెడివాడు. ఆ తల్లిదండ్రులకు విర్కో యొక్కడే సంతానము. భోగభాగ్యములు లేవు గాని చదువునకు లోపము చేయలేదు. కోస్లిన్ అను పట్టణమునందలి ఉన్నత పాఠశాలలో ఆయన చదివెను. లాటిను, గ్రీకు మొదలగు భాషలు, చరిత్రము, ప్రకృతి శాస్త్రములు అన్నిటియందును మిక్కిలి ఆసక్తి గలవాడు.

పాఠశాల విడుచునపుడు, అనగా 1839లో, ఆయన వ్రాసిన వ్యాసపు విషయమును మా విద్యార్థులు గమనింపవలెను. కష్టమును శ్రమయును నిండిన జీవితము మనుష్యునికి భారము కాదు, మేలే యని అందు నిరూపించెను. పదునేడేండ్ల బాలుడు పరీక్షకొఱకు వ్రాసిన దానిని పెద్దవారు అంతగా నమ్మరు. ఆయన మాత్రము తరువాత అఱువదియేండ్లకు పైగా దాని ప్రకారమే బ్రదికెను. మొదట సువార్త బోధకుడు కావలెనని ఆయన తలంపు. కాని కంఠస్వరము సన్నము. పెద్ద ఆలయములో వెనుకటివారికి వినిపింపజాలదని యెంచి ఆ తలంపు మానుకొనెను. అప్పుడు బెర్లినునందు సేనా వైద్యులను తయారు చేయుటకు ప్రభుత్వము నడుపు వైద్య విద్యాలయమొకటి యుండెను. జీతము కట్టలేని బాలురకు అది గొప్ప యాధారము. అందు చేరి 1843లో వైద్యపట్టము పుచ్చుకొనెను.

బెర్లినులోని షారిటే ఆసుపత్రి ఆ కాలపు పెద్ద ఆసుపత్రులలో నొకటి. అచ్చట శవపరీక్షలు జరుపు ఫ్రోరీప్ అను వైద్యునికి 1844లో విర్కో సహాయకుడయ్యెను. శవములు కోయు గదిలో దినమంతయు నిలువబడి, ఏ రోగముచే ఎవ్వరు చనిపోయిరో, ఆ రోగము దేహములో ఏ యవయవమునందు ఏ గుఱుతును విడిచిపోయెనో చూచి వ్రాయుట ఆయన పని. తన పైయధికారి ఆయనకొక ప్రశ్నను ప్రత్యేకముగా అప్పగించెను. సిరలకు వచ్చు తాపము, అనగా వాపు, మంట, ఎట్లు కలుగును? దానివలన కలుగు కీడులెవ్వి? ఈ ప్రశ్నయే విర్కో జీవితమునకు దారి యయ్యెను.

ఇచ్చట చిన్న తరగతుల విద్యార్థులకొఱకు కొంత చెప్పవలసియున్నది. గుండె తోపుడుచేత నెత్తురు ధమనులలో దేహమంతటికిని పాఱును. తిరిగి గుండెకు చేరుటకు సిరలే త్రోవ. కాళ్లనుండి వచ్చు నెత్తురు, మనుష్యుడు నిలుచున్నపుడు, సుమారు నాలుగడుగుల యెత్తు ఎక్కవలెను. సిరల గోడలు పలుచనివి. తమంతట తాము దానిని పైకి త్రోయజాలవు. మనము నడచునపుడు పిక్క కండలు ప్రతి యడుగునను బిగిసి లోతుననున్న సిరలను పిండును, నెత్తురు పైకెగయును. అది మరల క్రిందికి జాఱకుండ సిరలలోపల అచ్చటచ్చట కవాటములు కలవు. చేతిపంపులోని తోలుమూతవలె అవి ఒక్క వైపునకే తెఱచుకొనును. ఇటలీ దేశమున పాడువా పట్టణములో ఫాబ్రీషియస్ అను పండితుడు 1603లో వీనిని వర్ణించి గ్రంథము ప్రకటించెను. ఆయన శిష్యుడగు విలియం హార్వీ 1628లో నెత్తురు దేహమునందు చుట్టి తిరుగునని ఋజువు చేసెను. పిక్కను రెండవ గుండె యని కొందఱనుటలో అతిశయోక్తి అంతగా లేదు.

శవపరీక్ష చేయువారు ఊపిరితిత్తుల ధమనిలో పెద్ద నెత్తురు గడ్డ అడ్డుపడి యుండుటను అప్పుడప్పుడు చూచుచునే యుండిరి. ఆ గడ్డ అచ్చటనే, ఆ ధమనికి వచ్చిన తాపముచేతనే పుట్టెనని వారి నమ్మకము. ఫ్రాన్సు దేశమున మహాప్రసిద్ధుడైన క్రువేయే అను పండితుడు సిరల తాపమే రోగములన్నిటికిని మూలమను నంతగా బోధించుచుండెను. ఇరువది మూడేండ్ల విర్కో వారి మాటను కొట్టివేయను లేదు, ఒప్పుకొననును లేదు. శవమును కోసినపుడెల్ల ఊపిరితిత్తులతో ఆగక, తొడసిరలను, పిక్కసిరలను గూడ విప్పి చూచుట మొదలుపెట్టెను. ఇది విసుగు పుట్టించు పని. కాని ఊపిరితిత్తులలో గడ్డ యున్నవారికి కాళ్ల సిరలలోనో, పొత్తికడుపు సిరలలోనో గడ్డ యుండుట ఆయన పలుమాఱులు చూచెను. చిన్న సిరలో పుట్టిన గడ్డ పెరిగి పెరిగి, అది పెద్ద సిరలో కలియుచోట నాలుకవలె కొన సాచి యుండును. ఆ పెద్ద సిరలో పాఱు నెత్తురు ఆ కొనను విఱిచి కొట్టుకొనిపోవును. ఊపిరితిత్తులలో దొరకిన ముక్కయొక్క విఱుగుడు అంచు కొన్నిమాఱులు కాలిసిరలో మిగిలిన ముక్క అంచుతో సరిపోవుచుండెను.

చూచినది చాలదని ఆయన యెంచెను. రబ్బరు ముక్కలను, ఇతర జంతువులనుండి తీసిన నెత్తురు గడ్డలను కుక్కల మెడసిరలో ప్రవేశపెట్టెను. పిమ్మట వానిని కోసి చూడగా ఆ ముక్కలన్నియు గుండెగుండ పోయి ఊపిరితిత్తుల ధమనులలో చిక్కుకొని యుండెను. నోరులేని జంతువులపై జరిగిన ఈ ప్రయోగములనుగూర్చి చదువునపుడు మనస్సు నొచ్చుట సహజమే, మాకును నొచ్చినది. అయినను రబ్బరు ఊపిరితిత్తులలో పుట్టునని ఎవ్వరును వాదింపజాలరు గదా! గడ్డ ప్రయాణము చేయునని స్థిరపడెను. ఈ పరిశోధనలను ఆయన 1846లో ప్రకటించెను. సిరలో గడ్డ కట్టుటకు త్రాంబోసిస్ అనియు, అది విడిపోయి వేఱొకచోట అడ్డుపడుటకు ఎంబోలిజం అనియు నేడు వైద్యులు వాడు పేర్లు ఆయన రూఢిచేసినవే. 1856లో తన పరిశోధనలనన్నిటిని ఒక పెద్ద సంపుటముగా కూర్చి అచ్చొత్తించెను.

బాలింతలకు కాలు తెల్లగా వాచుటయు ఆ దినములలో తెలియని వ్యాధియే. పాలు రొమ్మునుండి దిగి కాలిలోనికి పోయినవని ఐరోపాలో శాస్త్రజ్ఞులు సహితము చెప్పుచుండిరి. సిరను విప్పి చూడగా అందున్నది పాలు కాదు, గడ్డ. మన యిండ్లలో బాలింతను మంచము దిగనీయక చాల దినములు పండుకొనబెట్టు ఆచారము కొన్నిచోట్ల ఇంకను కలదు. గర్భిణికిని బాలింతకును నెత్తురు సులభముగా గడ్డకట్టు స్వభావము ఇతర కాలములకంటె హెచ్చని తెలిసిన పిమ్మట ఈ యాచారమునుగూర్చి ఇంటి పెద్దలు వైద్యులనడిగి తెలిసికొనుట మంచిది.

విర్కో తన ప్రయోగములను ప్రకటించిన 1846లోనే మఱియొక గొప్ప సంగతి జరిగెను. అక్టోబరు 16వ తేదిని అమెరికాలోని బోస్టను నగరమున మోర్టన్ అను దంతవైద్యుడు ఈథరు ఆవిరిని పీల్పించి రోగిని నిద్రపుచ్చగా, శస్త్రవైద్యుడు నొప్పి తెలియకుండ అతని మెడయందలి కంతికి చికిత్స చేసెను. అంతకుముందు రోగిని నలుగురు పట్టుకొనగా, అతడు కేకలు వేయుచుండగా, కొన్ని నిమిషములలో పని ముగింపవలసియుండెను. ఈథరు వచ్చిన తరువాత గంటలకొలది సాగు శస్త్రచికిత్సలు సాధ్యమయ్యెను. కోట్లకొలది జనులకు ఇది మేలు. కాని రోగి గంటలకొలది కదలక పండుకొనియుండు పరిస్థితి కూడ అప్పుడే వచ్చెను. ఈ రెండు సంగతులకు గల సంబంధము ఆ సంవత్సరము ఎవ్వరికిని తెలియదు.

శస్త్రచికిత్స బల్లమీద కాలిసిరలకు ఏమగునో నేటి వైద్యశాస్త్రము చక్కగా కనుగొన్నది. మత్తుమందుచేత కండలన్నియు సడలును. పిక్క పిండుట మానును. సిరల గోడలును సడలి, సిరలు సాగి వెడల్పగును. వెడల్పయిన కాలువలో నీరు మెల్లగా పాఱునట్లు నెత్తురు మందగించును. కవాటముల వెనుకనున్న చిన్న సంచులలో ఇంచుమించు నిలిచిపోవును. గడ్డలు పెక్కుమాఱులు మొలకెత్తునది ఆ సంచులలోనే. ఇంతేకాదు. సిరలోపల అద్దమువలె నునుపైన పొర యొకటి కలదు. నెత్తురు గడ్డకట్టకుండ కాపాడునది అదియే. సిర మితిమీఱి సాగినపుడు, చిన్న శాఖలు వచ్చి కలియుచోట్ల ఆ పొరకు సన్నని చీలికలు పడుటను జంతువులపై జరిగిన పరిశోధనలలో సూక్ష్మదర్శినితో చూచిరి. చీలికలో పొర క్రిందిభాగము బయటపడగా నెత్తురులోని కణములు వచ్చి అచ్చట అంటుకొనును. 1989లో అమెరికా శస్త్రవైద్యులు తుంటికీలు మార్చు చికిత్స జరుగుచుండగా రోగుల సిరలు ఎంత వెడల్పగునో కొలిచి చూచిరి. ఎవరి సిరలు మిక్కిలి సాగెనో వారికే తరువాత కాళ్లలో గడ్డలు కట్టెను. కోయుచున్నది తుంటిని, సిరలు సాగుట మాత్రము చేతియందు సహితము కనబడెను. మూడవది, దేహమునకు గాయము తగిలినంతనే నెత్తురు గడ్డకట్టు గుణము హెచ్చును. గాయమునుండి నెత్తురు కాఱి చనిపోకుండ సృష్టికర్త మనకిచ్చిన రక్షణ అది. బల్లమీద అదియే అపాయమునకు సాయపడును.

నెత్తురు మందగించుట, సిరగోడ చెడుట, నెత్తురు గుణము మాఱుట అను ఈ మూటిని నేటి వైద్యవిద్యార్థులందఱును విర్కో త్రయమని వల్లించుదురు. విర్కో ఈ మూడు కారణములను ఒక్కచోట ఈ రూపమున ఎన్నడును వ్రాయలేదు. గడ్డ విడిపోయి ప్రయాణము చేయుటనుగూర్చియే ఆయన యెక్కువగా వ్రాసెను. ఆ పేరు ఆయన చనిపోయిన చాలకాలమునకు, ఇరువదవ శతాబ్దపు నడుమ, తరువాతివారు పెట్టినది. గొప్పవారి పేర తరువాతివారు చేర్చిన సొమ్ము ఇట్లే చాల యుండును. అయినను పునాది ఆయనదే గనుక పేరు తగనిది కాదు.

ఈ గడ్డలవలని కీడు పెక్కుసారులు బయటికి కనబడదు. నివారణ చేయని కాలమున తుంటికీలు మార్చిన రోగులకు సిరలలో రంగు మందు పంపి ఛాయాచిత్రములు తీయగా నూటికి 40 మొదలు 60 మందికి గడ్డలు కనబడెను. వారిలో ఎక్కువమందికి నొప్పియు లేదు, వాపును లేదు. లండనులోని కింగ్స్ కాలేజి ఆసుపత్రియందు భారతీయ సంతతివాడగు విజయ్ కక్కర్ అను శస్త్రవైద్యుడు, ఆయన తోడివారు, నెత్తురులోని ఒక పదార్థమునకు రేడియోధార్మికమగు అయోడినును గుఱుతుగా చేర్చి, గడ్డ కట్టుచుండగానే కనిపెట్టు ఉపాయమును వాడిరి. 1969లో ప్రకటించిన పరిశోధనలో శస్త్రచికిత్స పొందినవారిలో నూటికి సుమారు 30 మందికి కాళ్లలో గడ్డలు కట్టెననియు, పెక్కుమందికి అది బల్లమీదనే మొదలాయెననియు తేలెను. 1916లో అమెరికాలో జే మెక్లీన్ అను వైద్యవిద్యార్థి పరిశోధనవలన బయటపడిన హెపారిన్ అను మందును కొంచెము మోతాదులో ముందుగానే ఇచ్చి చూడవలెనని కక్కర్ సంకల్పించెను. అనేక దేశముల ఆసుపత్రులు కలసి 4,121 మంది రోగులపై జరిపిన ఆ పరీక్ష ఫలితము 1975లో వెలువడెను. మందు ఇయ్యనివారిలో 16 మంది ఊపిరితిత్తుల గడ్డచే చనిపోయిరి, ఇచ్చినవారిలో ఇద్దఱు. నేడు రోగి కడుపుమీద వేయు చిన్న సూదిమందు, కాళ్లకు తొడుగు బిగుతు మేజోళ్లు, గాలి నిండి వదలి పిక్కను పిండు తొడుగులు, త్వరగా లేపి నడిపించుట, ఇవన్నియు ఆ మూడు కారణములకు విఱుగుడులు. త్వరగా నడిపించుట మందులకంటె ముందుదే. షికాగో నగరమున ఎమిల్ రీస్ అను వైద్యుడు 1899లోనే దానిని సిఫారసు చేయగా తోడివైద్యులు చాలకాలము లక్ష్యపెట్టలేదు.

మరల విర్కో చరిత్రమునకు వత్తము. 1847లో ఒక మిత్రునితో కలసి ఆయన వైద్యశాస్త్ర పత్రిక నొకదానిని స్థాపించెను. ఇతరుల పేరుప్రతిష్ఠలకు లోబడక, కన్నదానినే వ్రాయు పత్రిక కావలెనని ఆయన కోరిక. అది ఆయన పేరుతోనే నేటికిని వెలువడుచున్నది. 1848 ఫిబ్రవరిలో ప్రభుత్వము ఆయనను ఎగువ సైలీషియా అను సీమకు పంపెను. అచ్చట క్షామముతోపాటు టైఫస్ అను జ్వరము ప్రబలి జనులు వేలకొలది చచ్చుచుండిరి. ఆయన మూడు వారములు గుడిసె గుడిసెకును తిరిగెను. నేలమీద గడ్డి పఱచుకొని, పశువులతో నొక్క కప్పు క్రింద, ఉర్లగడ్డలు తప్ప మఱేమియు ఎఱుగక, తమ పోలిషు భాషలో బడిలేక, చదువులేక బ్రదుకు జనులను చూచెను. తిరిగివచ్చి ఇచ్చిన నివేదికలో మందులమాట కొంచెమే. బడులు, రోడ్లు, వ్యవసాయపు బాగు, న్యాయమైన పన్నులు, జనుల భాషకు గౌరవము, తమ వ్యవహారములు తామే చూచుకొను స్వాతంత్ర్యము, వీనినే ఆ జ్వరమునకు చికిత్సగా వ్రాసెను. అక్కడి మతాధికారులు జనులను అజ్ఞానములో నుంచిరని గూడ కఠినముగా నిందించెను. మావంటివారికి ఆ పుటలు చదువుట సుఖము కాదు. కాని బడి పెట్టవలసినచోట పెట్టకపోవుట ఎవరు చేసినను లోపమే. ఆ మాటకు మేము బదులు చెప్పజాలము.

ఊపిరితిత్తులలో గడ్డను చూచి కాళ్లవద్దకు వెదకుచు పోయినవాడే, జ్వరమును చూచి గుడిసెవద్దకు, గుడిసెను చూచి ప్రభుత్వము వద్దకు వెదకుచు పోయెను. ప్రభుత్వమునకు ఇది రుచింపలేదు. బెర్లినుకు వచ్చిన కొలది దినములలో విప్లవము చెలరేగగా ఆయన ప్రజల పక్షమున వీధి అడ్డుగోడలయొద్ద నిలిచెను. మఱుసటి యేట బెర్లినులో ఉద్యోగము నిలువక వుర్ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడుగా వెడలిపోయెను. 1850లో రోజ్ మేయర్ అను కన్యను వివాహమాడెను. వారికి ఆఱుగురు బిడ్డలు. ఏడేండ్ల పిమ్మట, 1856లో, ఆయనను వెడలగొట్టిన బెర్లినే ఆయనకొఱకు కొత్త రోగశాస్త్ర భవనము కట్టి తిరిగి పిలిచెను.

1858లో కణములే రోగములకు నిలయమని బోధించు ఆయన గ్రంథము వెలువడెను. ప్రతి కణమును మఱియొక కణమునుండియే పుట్టుననియు, దేహము కణముల రాజ్యమనియు, రోగమనగా కణములకు కలుగు మార్పే యనియు అందు నిరూపించెను. వైద్యశాస్త్రము నేటికిని ఈ పునాదిమీదనే నిలిచియున్నది. అయితే కణవిభజనను ఆయనకు ముందుగానే కనుగొన్న రాబర్ట్ రేమాక్ అను యూదుజాతి పండితుడు బెర్లినులోనే యుండెను. ఆయనకు చెందవలసిన గౌరవమును విర్కో తగినంతగా చెల్లింపలేదు. మహనీయుల చరిత్రములలో ఇట్టివి దాచుట మాకు ఇష్టము లేదు.

దీనికంటె పెద్ద తప్పు మఱియొకటి. వియన్నా నగరమున సెమ్మెల్వైస్ అను వైద్యుడు 1847లో ప్రసవశాలకు వచ్చు వైద్యులచే సున్నపు మందునీటితో చేతులు కడిగించి బాలింతల మరణములను ఎంతో తగ్గించెను. శవములు కోసిన చేతులతో వచ్చి తల్లులను ముట్టుటయే జ్వరమునకు కారణమని ఆయన వాదము. విర్కో దానిని అంగీకరింపలేదు. బాలింత జ్వరమునకు సిరలలోని గడ్డలును తాపమును ఇతర కారణములును చెప్పుచుండెను. అంత పెద్దవాడు ఒప్పుకొనకపోవుటచేత ఎందఱో చిన్న వైద్యులును ఒప్పుకొనలేదు. సెమ్మెల్వైస్ 1865లో పిచ్చి ఆసుపత్రిలో చనిపోయెను. సూక్ష్మజీవులే రోగకారణమను సిద్ధాంతమునందును విర్కోకు చాలకాలము అనుమానమే. యౌవనమున పెద్దలను ధిక్కరించి సత్యమును వెదకినవాడు తానే పెద్దయైన తరువాత చిన్నవారి సత్యమునకు అడ్డు నిలిచెను. ఎందఱు తల్లులు దీనివలన చనిపోయిరో లెక్కపెట్టినవారు లేరు.

ఆయన చేసిన తక్కిన పనులను సంగ్రహముగా చెప్పెదము. 1859లో బెర్లిను నగరసభకు సభ్యుడై మరణపర్యంతము ఉండెను. మురుగునీరు వీధులలో పాఱుచుండిన నగరమునకు భూమిలోపల కాలువలు కట్టించుటకు హోబ్రెక్ట్ అను ఇంజనీయరుతో కలసి పాటుపడెను. పందిమాంసములోని ట్రైకినా అను పురుగు మనుష్యునికి చేయు కీడును వెల్లడించి మాంసపరీక్ష జరుగవలెనని పోరెను. శాసనసభలో మంత్రి బిస్మార్క్‌ను ఎదిరింపగా 1865లో ఆయన కోపించి ద్వంద్వయుద్ధమునకు పిలిచెను, విర్కో పోలేదు. పురుగుపట్టిన మాంసపు వంటకమును ఆయుధముగా కోరెనను కథ నేటికిని చెప్పుదురు. నవ్వు పుట్టించు కథయే గాని దానికి ఆధారము లేదు. 1879లో ష్లీమాన్‌తో కలసి ట్రోయి పట్టణపు త్రవ్వకములకు పోయి, అచ్చటి పల్లెవారికి వైద్యము చేసెను. జర్మను దేశపు బడిపిల్లలు సుమారు 67 లక్షలమంది జుట్టురంగు, కంటిరంగు లెక్కలు సేకరించి, జర్మనులందఱు ఒక్క శుద్ధజాతివారను గర్వమునకు ఆధారము లేదని 1886లో చూపెను. తరువాతి కాలమున ఆ దేశము ఆ లెక్కలను మఱచుటవలన లోకమునకు వచ్చిన కీడు పెద్ద తరగతుల విద్యార్థులు చరిత్రపాఠములలో చదివినదే.

1899లో తన చేతులమీదుగా సేకరించిన ఇరువదివేలకు పైబడిన రోగావయవములతో ఒక ప్రదర్శనశాలను తెఱచెను. సాధారణ జనులును వచ్చి చూడవలెనని ఆయన కోరిక. రెండవ ప్రపంచయుద్ధమున అందులో చాలభాగము నశించినను, షారిటే ఆసుపత్రియందు ఆ ప్రదర్శనశాల నేటికిని కలదు. 1901 అక్టోబరులో ఎనుబది యేండ్లు నిండినపుడు దేశదేశములనుండి పండితులు వచ్చి ఆయనను గౌరవించిరి. ఆ వయస్సునందును ఆయన దినచర్య మాఱలేదు. ఉదయము ఉపన్యాసము, మధ్యాహ్నము శవపరీక్షలు, సాయంకాలము సభలు.

1902 జనవరి 4వ తేది సాయంకాలము లైప్జిగ్ వీధిలో, కదలుచున్న విద్యుత్ ట్రామునుండి తొందరపడి దిగబోయి పడెను. తొడయెముక విఱిగెను. అట్టి విఱుగుడును లోహపు మేకులతో బిగించి వృద్ధులను మఱునాడే నిలువబెట్టు విద్య ఆ కాలమున లేదు. ఎన్నడును కూర్చుండి యెఱుగని మనుష్యుడు వారములకొలది పడకమీద నుండవలసి వచ్చెను. వేసవికి కొంచెము కోలుకొని ఆరోగ్యస్థలములకు పోయెను గాని బలము తిరిగి రాలేదు. సెప్టెంబరు 5వ తేదిని బెర్లినులో గుండె బలహీనతచే చనిపోయెను. నగరసభ తన ఖర్చుతో ఉత్తరక్రియలు జరిపెను. పరిశుద్ధ మత్తయి ఆలయపు పాత శ్మశానవాటికలో ఆయనను పాతిపెట్టిరి. పదునొకండేండ్ల తరువాత రోజ్ విర్కోను కూడ అచ్చటనే ఉంచిరి.

గత సంవత్సరము మా సహోపాధ్యాయులొకరికి మా పినతండ్రిగారికి జరిగిన చికిత్సయే జరిగెను. మఱునాటి ఉదయము మేము చూడబోవునప్పటికి నర్సమ్మ ఆయనను చేతికఱ్ఱల బండితో వరండాలో నడిపించుచుండెను. ఆయన భార్య మమ్ము చూచి, ఇది న్యాయమేనా యని కన్నీళ్లతో అడిగిరి. మేము ఆమెను బల్లమీద కూర్చుండబెట్టి, పిక్కనుగూర్చియు సిరలనుగూర్చియు తెలిసినంత చెప్పితిమి. వరండా చివరవఱకు పోయి ఆయన వెనుకకు తిరుగుచుండెను.